మంగలంలోని ఇసుక

బావ పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే మా అప్ప పొయ్యి ముందు కూర్చుని, మంగలంలోని ఇసుకను వేళ్లతో కెలుకుతూ కనిపించింది. పొయ్యి చల్లగా ఉంది. బావకు కిడ్నీలు పాడై, రక్తం శుద్ధి చేయించుకోవడానికి పలాస ఆసుపత్రి చుట్టూ తిరగడం మొదలైనప్పటి నుంచి అందులో నిప్పు పడలేదని ముందురోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు. ఇల్లు టెక్కలిలో మా అమ్మ కట్టించుకున్నదే. అమ్మ పోయాక ఆ ఇల్లూ, ఆ పొయ్యీ, మూరీలు వేపే పనీ మా అప్ప కాంతమ్మకు వచ్చాయి. మిగతా చోట్ల మరమరాలనీ బొరుగులనీ అంటారు, మా శ్రీకాకుళం వైపు మూరీలు, అక్కను అప్ప అన్నట్టే. బాగా కాగిన ఇసుకలో బియ్యం పోసి కలియబెడితే పేలి మూరీలవుతాయి. ఆ ఇసుక పోసే వెడల్పాటి మట్టిపాత్రే మంగలం. నేను పుట్టి పెరిగింది దాని పక్కనే.

"ఇసక సగానికొచ్చీసిందిరా సూరిగా," అంది నా వైపు చూడకుండానే. "కార్తీకం వచ్చేత్తంది. ఈ కాస్త ఇసకతోటి రావివలస యాత్రకి మూరీలెలాగ ఏపడం?"

"ఇంకా వేపుతావా అప్పా?"

"ఏపక ఏటి సెయ్యమంటావు? మీ బావ పోనాడని జనం మూరీలు తినడం మానీసినారేటి?"

ఇన్నేళ్లూ ఇసుక తెచ్చింది దాలయ్య బావే. అతని సొంతూరు ఉద్దానంలో, బారువకు దగ్గర. ఏటా వానలు వెనకబట్టాక బారువ సముద్రపు ఒడ్డుకు వెళ్లి, అలలు వదిలిపెట్టిన నల్ల ఇసుకను గోనెసంచికి ఎత్తుకుని వచ్చేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ ఇసుక వస్తేనే పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగితేనే అప్ప ఒకరి గుమ్మం తొక్కకుండా తన తిండి తాను తింటుంది. ఇంత చిన్న విషయం నాకు ఆ పొద్దుటే కొత్తగా తట్టడం చూసి నాకే సిగ్గేసింది.

"నేను తెస్తాలే," అన్నాను.

అప్ప తలెత్తి చూసింది. బావ పోయాక మొదటిసారి నవ్వింది. "నువ్వా? ఊరుకోరా. నీకెందుకొచ్చిన పని? నడుం పట్టీసుకుంటాది."

ఆ నవ్వులో వెక్కిరింపు ఏమాత్రం లేదు. నన్ను కాపాడుతోంది. నాకు అరవై దాటి చాలాకాలమైంది. అప్ప మోకాళ్లు పట్టుకుంటే గాని లేవలేదు. అయినా ఇంకా నన్నే కాపాడుతోంది. ఆ అలవాటు ఎప్పుడు, ఎలా మొదలైందో నాకు బాగా తెలుసు. తెలిసి ఇంతకాలం హాయిగా బతికాను.

మా చిన్నతనంలో తెల్లవారిందని కోడి చెప్పేది కాదు, పొగ చెప్పేది. పలాసలో జీడిపిక్కలు కొట్టగా మిగిలిన పెంకును బస్తాల్లో తెచ్చి పొయ్యిలో వేసేవాళ్లం. అందులో ఉండే నూనెకు అది భగ్గున మండుతుంది. పొగ మాత్రం కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది. ఆ పొగ మా బట్టల్లో, తలగడల్లో, అన్నంలో, నా పుస్తకాల అట్టల్లో ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఆ పొగ వెనకాలే కమ్మని మరో వాసన వచ్చేది. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం మొదట గోరువెచ్చగా వేగేటప్పటి వాసన అది. అమ్మ కొంగు నడుముకు బిగించి, ఎడంచేత్తో బియ్యం పోస్తూ, కుడిచేత్తో కొబ్బరి ఈనెల కట్టతో ఇసుకను గిరగిరా తిప్పేది. చిటపటమని చప్పుడు మొదలై, వానలా ముదిరి, ఒక్కసారిగా తగ్గేది. తగ్గిన ఆ క్షణంలోనే జల్లెడలోకి దించాలి. ఇసుక కిందికి జారిపోయేది, తెల్లటి మూరీలు జల్లెడలో మిగిలేవి. ఆ సమయంలో ఎవరు పలకరించినా అమ్మ పలికేది కాదు. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన పోయాడన్న కబురు కూడా వాయి మధ్యలోనే వచ్చిందనీ, ఆ వాయి దించి గాని లేవలేదనీ అమ్మే ఒకసారి చెప్పింది. గొప్పగానూ చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. మాడిపోతే ఎలాగ అంది, అంతే.

మా ఇంట్లో దేవుడి గూటి తర్వాత మర్యాద ఇసుకకే. మంగలాన్ని దాటకూడదు. ఇసుకను కాలితో తోయకూడదు. ఒలికితే చీపురు పెట్టకుండా చేత్తోనే ఎత్తాలి. కొత్త ఇసుక తెస్తే మంచినీళ్లలో కడిగి, మళ్లీ కడిగి, ఎండబెట్టి, పాత ఇసుకలో కలిపేది అమ్మ. పాలకు తోడు వేసినట్టు. అందుకని మా మంగలంలో ఉన్నదాంట్లో మా అమ్మమ్మ నాటి గింజలు కూడా ఉన్నట్టే లెక్క. కొత్త ఇసుక కలిసిన రోజు మొదటి వాయి మనుషులు తినేవారు కాదు, పెరట్లో పిచ్చుకలకు చల్లేవాళ్లం. ఇసుక బారువదే ఎందుకని నేను చాలాసార్లు అడిగాను. "మా అమ్మ అక్కడిదే తెచ్చీది," అనేది. అంతకు మించి ఆమె దగ్గర కారణం లేదు. వాళ్లమ్మ దగ్గరా ఉండి ఉండదు.

డిగ్రీలో నాకు భూగర్భశాస్త్రం సీటు దొరికింది. కోరుకున్నది కాదు. కానీ చేరిన కొన్నాళ్లకే నాకు కళ్లు నెత్తికెక్కాయి. టెక్కలి చుట్టూ ఉన్న కొండలు, మహేంద్రగిరి, నౌపడ ఉప్పుమళ్ల వెనకాల బురదనేల, అన్నింటికీ పుస్తకంలో పుట్టుక ఉంది. మన కొండల రాయి ఒకప్పుడు భూమి లోపల చాలా లోతున, పైన మైళ్ల మందం రాతి బరువు కింద, రాయే మెత్తబడేంత వేడిలో తయారైందని మాకు చెప్పారు. నేల అడుగున ఉన్న బలాలు దాన్ని మెల్లమెల్లగా పైకి నెట్టాయి. పైపొరలను వానా ఎండా అరగదీశాయి. అలా లోపలి రాయి బయటపడి కొండలైంది. ఆ కొండలు కూడా అరుగుతూనే ఉన్నాయి. అరిగిన రజను వంశధార, మహేంద్రతనయ సముద్రంలోకి మోసుకుపోతాయి. సముద్రం దాన్ని ఒడ్డుకు తెచ్చి, మా అమ్మ చేటతో చెరిగినట్టు చెరుగుతుంది. తేలిక గింజలు వెనక్కి పోతాయి, బరువు గింజలు ఒడ్డున నల్లటి చారలా మిగులుతాయి. నల్లవి ఇనుము కలిసిన గింజలు. మధ్యమధ్య మెరిసే ఎర్రవి గోమేదికం జాతివి. ఇవన్నీ నేను సెలవులకు వచ్చినప్పుడల్లా పొయ్యి పక్కన కూర్చుని ఉపన్యాసంలా చెప్పేవాణ్ణి.

"అయితే మనం కొండని ఏపుతున్నావన్నమాట," అనేది అప్ప మూరీలు జల్లిస్తూ.

"కొండనే. ఇంకో సంగతి తెలుసా? మన ఈ ఒడ్డు ఒకప్పుడు అంటార్కిటికాకు అతుక్కుని ఉండేది. మధ్యలో నేల చీలిపోయి, దూరంగా జరిగి, సముద్రం వచ్చింది."

"అదెక్కడ?"

"దక్షిణాన. అంతా మంచే. మనుషులుండరు."

"మనుసులు లేనికాడికి మూరీలెవుడు కొంటాడు? ఇడిపోడమే మంచిదయ్యింది," అనేది అమ్మ. అప్ప పడీపడీ నవ్వేది. నేను మూతి ముడుచుకునేవాణ్ణి. వాళ్లిద్దరూ నా మాటలు విని, వాటిని తమ సరదాకి వాడుకోవడం నాకు నచ్చేది కాదు. వాళ్లు ఆశ్చర్యపోవాలని ఉండేది నాకు.

నేను డిగ్రీ చదువుతుండగానే ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. మా వంటపాక పైకప్పు లేచిపోయి, తడిసిన మట్టిగోడ పొయ్యి మీదికి విరుచుకుపడింది. మంగలం ముక్కలైంది. ఇసుక అంతా గోడమట్టితో, బూడిదతో కలిసి ముద్దయింది. అమ్మ ఆ ముద్దను గంగాళంలో వేసి కడిగి కడిగి చూసింది. బంకమట్టి గింజలకు పట్టి వదల్లేదు. ఆ సాయంత్రం ఆమె ఆ గంగాళం పక్కన కూర్చున్న తీరు చూస్తే ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది. అటు చూస్తే కార్తీకమాసం నెత్తిమీద ఉంది. రావివలస ఎండల మల్లన్న దగ్గర కార్తీక సోమవారాలు మా ఏడాది బతుకు. కప్పు లేకుండా ఎండలో నిలబడే దేవుడు ఆయన. దర్శనానికి వచ్చిన జనం కూడా ఎండలోనే నిలబడి, మొక్కు తీరాక మా దగ్గర మూరీలు కొనుక్కుని చెట్ల నీడకు చేరేవారు. ఆ సోమవారాలు పోతే మళ్లీ ఏడు దాకా అప్పుల బతుకే.

"పాత ఇసక ఎలాగూ పోయింది. బారువెల్లి కొత్తది తెండి. ఇద్దరూ ఎల్లండి, ఒక్కరు మొయ్యలేరు," అంది అమ్మ.

బారువకు వెళ్లాలంటే టెక్కలిలో చిన్న రైలెక్కి నౌపడలో దిగి, అక్కడ ప్యాసింజరు పట్టుకోవాలి. ఆ ప్యాసింజరులోనే మా కాలేజీ కుర్రాళ్లు తిరిగేవారు. గోనెసంచి నెత్తిన పెట్టుకుని నేనూ, పొగ వాసనతో మా అప్పా ఆ పెట్టెలో ఎక్కడం నా కళ్లకు కనిపించింది. ఒళ్లు చచ్చిపోయింది. ఆ సిగ్గును సిగ్గని చెప్పుకునే ధైర్యం కూడా లేక, దానికి శాస్త్రం తొడిగాను.

"బారువ దాకా ఎందుకే అమ్మా? కొండ ఒక్కటే, సముద్రం ఒక్కటే. నౌపడలో దిగి అటు ఒడ్డుకు నడిస్తే అక్కడా ఇదే నల్ల ఇసుక ఉంటుంది. గింజ అదే, బరువు అదే. కావలిస్తే అయస్కాంతం పెట్టి చూపిస్తాను."

"ఎప్పుడూ అక్కడ తేలేదురా."

"ఎప్పుడూ తేలేదు కాబట్టే తెలీదు."

అమ్మ అప్ప వైపు చూసింది. అప్ప నా వైపు చూసింది. "సదువుకున్నోడు సెప్తన్నాడు కదమ్మా," అంది. ఆ మాటతో తేలిపోయింది.

నౌపడలో దిగి ఉప్పుమళ్ల గట్ల మీదుగా నడిచాం. దూరంగా ఉప్పు కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా నిజంగానే నల్లచార ఉంది. తుఫాను అలలు బాగా చెరిగి పెట్టాయి. నేను కాలేజీ అయస్కాంతం తీసి అప్పకు చూపించాను. గింజలు గడ్డంలా అతుక్కున్నాయి. నేను చెప్పిందే జరిగింది. రెండు సంచులూ నిండాయి. ఇంటికొచ్చాక అమ్మ కడిగింది, మళ్లీ కడిగింది, అరచేతిలో పోసుకుని చూసింది, నాలుకకు తగిలించుకుంది. ఉప్పు పోయింది. రంగు బాగుంది. కొత్త మంగలంలో మొదటి వాయి పిచ్చుకలకు చల్లాం. రెండో వాయి నోట్లో వేసుకుని అమ్మ "బాగానే పేలినాయి" అంది. నేను గెలిచాను. ఆ వారమంతా అమ్మా అప్పా నిద్రమాని వేపారు. ఇల్లంతా మూరీల బస్తాలు.

మొదటి సోమవారం రావివలసలో మా దుకాణం ముందు జనం ముసురుకున్నారు. నేను కూడా చొక్కా చేతులు మడిచి పొట్లాలు కడుతున్నాను. ఏటా మా దగ్గరే కొనే ఒక ముసలాయన ఉండేవాడు. అడవి వైపు ఏదో ఊరు. వచ్చీరాగానే అమ్మను "ఓలి అప్పా, బతికే ఉన్నావా?" అని పలకరించేవాడు. "నీకు మూరీలు పెట్టేదాకా సావు రాదులే," అనేది అమ్మ. ఆ రోజూ అలాగే ఎకసెక్కాలాడి, గుప్పెడు నోట్లో వేసుకుని, ఒక్కసారిగా దవడ పట్టుకున్నాడు. ఉమ్మితే నెత్తురు. నెత్తురులో తెల్లటి పెంకుముక్క.

ఆయన దాన్ని వేలి మీద పెట్టి అమ్మకు చూపించాడు. "ఇదేటప్పా? మూరీలమ్ముతున్నావా, గవ్వలమ్ముతున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అయ్యేలోపే ఇంకొకావిడ పొట్లం తెచ్చి మా ముందు కుమ్మరించింది. ఆవిడ వెనక మరొకరు. అమ్మ ఒక బస్తా మూతి విప్పి చేటలో పోసి చెరిగింది. తెలుపులో తెలుపు. బియ్యపు గింజంత పెంకుముక్క పేలిన గింజల మధ్య కంటికి ఆనదు, చేతికి ఆనదు, పంటికే ఆనుతుంది. చెరిగి చెరిగి, అమ్మ చేట పక్కన పెట్టింది. బస్తాలన్నీ మళ్లీ బండికెక్కించాం. మిగిలిన సోమవారాలకు రావివలసలో మా చోట ఇంకెవరో కూర్చున్నారు.

తర్వాత ఎప్పుడో నాకు అర్థమైంది. ఏరు సముద్రంలో కలిసే చోట బురదలో గుల్లలు పెరుగుతాయి. అవి చచ్చి, నలిగి, పలచటి తునకలై ఇసుకలో కలుస్తాయి. నల్లటి బురదమరక పట్టి, కడిగి ఆరబెట్టినా ఇసుకలాగే కనబడతాయి, కాలితే గాని తెల్లబడవు. నల్ల ఇసుక గింజ భూమి అడుగున ఒకసారి కాలి వచ్చింది. మా పొయ్యి మంట దానికి లెక్కలోది కాదు. గుల్ల చల్లటి నీళ్లలో పుట్టింది. వేడి తగిలేసరికి పిట్లింది, బియ్యపు గింజ సైజుకు చీలింది, జల్లెడలో మూరీలతో పాటు పైనే మిగిలింది. కొండ ఎలా పుట్టిందో, ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పిన నేను, ఆ ఇసుకలో ఇంకేం ఉందో వంగి చూడలేదు. చూడటానికి నా దగ్గర తీరిక ఉంది, కళ్లద్దం కూడా ఉంది. ఉన్న తొందరల్లా ప్యాసింజరు ఎక్కకుండా ఇంటికి చేరడమే.

అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. రావివలస నుంచి వచ్చిన రాత్రి నా కంచంలో అన్నం పెట్టి, "నిన్ను పంపడం నాదే తప్పు. ఇది నీ పని కాదురా నాన్నా. నువ్వు సదువుకో," అంది. అప్ప కూడా తల ఊపింది. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇసుక బాగులేదని చెప్పుకున్నారు తప్ప ఇద్దరూ నా పేరెత్తలేదు. ఆ అన్నం నేను తిన్నాను. గుండె మీది నుంచి బరువు దిగినట్టనిపించింది. నేను చెప్పుకోవలసిన తప్పు అదీ. ఇసుక విషయంలో పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆ పొరపాటుకు శిక్షగా నాకు సెలవు దొరికితే, దాన్ని సంతోషంగా పుచ్చుకున్నాను.

ఆ తర్వాత బారువకు అప్ప ఒక్కతే వెళ్లింది. ఒక్కరు మోయలేరన్న అమ్మ మాట ఎవరికీ గుర్తు రాలేదు, లేదా వచ్చినా నా ముందు ఎత్తలేదు. ఒడ్డు నుంచి స్టేషనుకు ఒక సంచి నెత్తిన పెట్టుకుని, సగం దూరం వెళ్లి దించి, మళ్లీ వెనక్కి వచ్చి రెండో సంచి ఎత్తుకునేది. అలా మోస్తున్నప్పుడే దాలయ్య బావ చూసి సైకిలు ఇచ్చాడట. "నన్ను సూసి మనువాడలేదురా, ఇసక మూటని సూసి జాలిపడి మనువాడినాడు," అని అప్ప ఇప్పటికీ అంటుంది. నేను పరీక్షలు రాశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, విశాఖపట్నంలో కాలేజీ పాఠాలు చెప్పాను. ఇసుకతో మొదలైన సెలవు అక్కడ ఆగలేదు. తుఫాన్లకు ఇల్లు కప్పడం, అమ్మ మంచం పట్టడం, బావ ఆసుపత్రి తిప్పలు, దేనికీ నన్ను పిలవలేదు. పిలవరని నాకు తెలుసు. పళ్లు పట్టుకుని వచ్చేవాణ్ణి, కుర్చీలో కూర్చునేవాణ్ణి, చీకటి పడకముందే బస్సెక్కేవాణ్ణి.

అన్నింటికంటే నన్ను ఇప్పుడు కుంగదీసేది ఒకటుంది. నా విద్యార్థులను ఎన్నోసార్లు బస్సులో బారువ తీసుకెళ్లాను. ఆ నల్లచార మీద నిలబెట్టి, కొండ అరగడం గురించీ నదుల గురించీ అలల గురించీ చెప్పాను. బాగా చెప్పేవాణ్ణని పేరు. తిరుగు దారిలో బస్సు పెద్దరోడ్డు మీద టెక్కలి పక్క నుంచే పోయేది. ఒక్కసారి కూడా ఆపించి, ఒక్క సంచి ఇసుక దింపి రాలేదు. ఆలోచన రాకపోవడం కాదు. పొగ వాసన వేసే ఆ ఇంట్లోకి పిల్లలు నా వెనక వస్తారేమోనని.

ఆ పొద్దున నేను పట్టుబట్టాను. చివరికి, "నానూ వత్తాను, నీకు తోవ తెలీదు," అంది అప్ప. అద్దె కారు పిలిపించాను. వెనక సీట్లో మడిచిన గోనె ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పెద్దరోడ్డు మీద మా ముందు ఒక లారీ పోతోంది. దాని మీద గదంత నీలిరాతి దిమ్మ ఒక్కటే ఉంది, గొలుసులతో కట్టి. మా చిన్నప్పుడు కొండలుగా చూసినవి కొన్ని ఇప్పుడు మెట్లు మెట్లుగా కోసిన గోతులు. ఎన్నో యుగాలు పట్టి వాన తీయగలిగిన పొరను ఒక యంత్రం వేసవి సెలవుల్లో తీసేస్తుంది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు బావుండేది. కారు కిటికీలోంచి చూస్తుంటే బాగా లేదు. పలాస దాటుతుంటే జీడిపిక్కల ఘాటు లోపలికి వచ్చింది. అప్ప కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది.

"మన ఇల్లు వాసనొత్తందిరా," అంది. నేనూ పీల్చాను.

ఉద్దానంలో తుఫాను విరిచిన కొబ్బరి మోళ్ల మధ్య కొత్త మొక్కలు లేస్తున్నాయి. బావ ఊరి మలుపు వచ్చినప్పుడు అప్ప అటు తిరగలేదు. బారువ ఒడ్డున ఎండుచేపల వాసన అలాగే ఉంది. పడవలకు మోటార్లు వచ్చాయి. సముద్రం మాత్రం నేను పిల్లలను నిలబెట్టిన చోటుకంటే లోపలికి వచ్చేసింది. నల్లచార వెతకాల్సి వచ్చింది. చాలాదూరం నడిచాక ఒక పడవ వెనకాల కనబడింది, జానెడు వెడల్పున, చీర అంచులా.

"ఇంతేటిరా? మీ బావ ఉన్నప్పుడు సాపలాగ పరిసీసి ఉండీది."

"నదులకి అడ్డుకట్టలు కట్టారు కదప్పా. పై నుంచి ఇసుక రావడం తగ్గిపోయింది. వచ్చింది కూడా సముద్రం ఉండనివ్వడం లేదు."

"అరగడానికి కొండేనా ఉంటాదా?"

ఆ మాటంటూనే మోకాళ్ల మీద కూర్చుంది. గోనెలో చుట్టి తెచ్చిన కంచం అంచుతో పైపైన, అడుగున ఉన్న తెల్ల ఇసుక తగలకుండా, నల్లపొరను మాత్రం గీకి సంచిలో పోయడం మొదలుపెట్టింది. నేను సంచి మూతి పట్టుకున్నాను. ఈసారి వంగి చూశాను. ప్రతి కంచెడూ అరచేతిలోకి తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని, వేలితో కదిపి చూశాను. గుల్ల తునక ఒక్కటీ లేదు. అప్ప నా వైపు చూసింది. కాసేపటికి నా చేయి దగ్గరికి కంచం తెచ్చి, చూసేదాకా ఆగి, అప్పుడు పోయడం మొదలుపెట్టింది. ఇద్దరం అలా ఎంతసేపు చేశామో తెలీదు. నీళ్లు మా పాదాల దాకా వచ్చి పోతున్నాయి.

సంచి సగం కాకముందే అప్ప కంచం బోర్లించి, చేతులు దులుపుకుంది.

"సాలు. మూతి కట్టీ."

"చాలడమేమిటప్పా? సగం కూడా కాలేదు. ఇంకా ఉంది కదా చార."

"సాలన్నాను కదా."

"నా నడుం గురించైతే ఆపకు. నేను మోస్తాను. అందుకే వచ్చాను. నిండా పట్టు."

"నీ నడుం కోసం కాదురా." లేవడానికి నా భుజం మీద చేయి వేసింది. ఆ చేతిలో బరువేమీ లేదు. "వాయి వాయికీ ఎంత పోతాదో నాకు తెలుసు. నానున్నన్నాల్లకీ ఇది సాలిపోతాది. మిగిల్సి ఎవలికియ్యాలి?"

ఈ భూమి వయసు గురించి, ఈ రాయి వయసు గురించి జీవితమంతా చెప్పినవాణ్ణి. మూతి కట్టాను. నల్ల ఇసుక చూపుకు కొంచెమే, ఎత్తితే తెలుస్తుంది. భుజానికెత్తుకుని లేవబోయి తూలాను. అప్ప చప్పున సంచి అడుగున చేయి పెట్టబోయి, మళ్లీ తనే వెనక్కి తీసుకుంది.

"అదిగో ఆ పడవలకాడ తడిలేదు, అటునుండి నడు," అంటూ ముందు దారి తీసింది. నేను వెనక నడిచాను.